ఏడు డిగ్రీల అబద్ధం, కొన్ని దెయ్యాలు

సెమిస్టర్ పరీక్షల ముందు రోజు రాత్రి మన ఫోన్‌కి ఎలా తెలుస్తుందో గానీ, సరిగ్గా అప్పుడే "ప్రపంచంలో టాప్ 10 భయంకరమైన ప్రదేశాలు" అనే వీడియో వచ్చి ముందు కూర్చుంటుంది. నేను చూస్తాను. చివరిదాకా చూస్తాను. కాబట్టి ఇది అలాంటి వీడియోలు చూడొద్దని చెప్పే వ్యాసం కాదు. కానీ ఓ యాభై అరవై చూశాక ఒక విషయం అర్థమైంది. వీటి దగ్గర ఉన్నవి రెండే సరుకులు: ఒక అంకె, లేదా ఒక దెయ్యం. ఎండ ప్రదేశమైతే అంకె వేస్తారు, పాడుబడ్డ ప్రదేశమైతే దెయ్యాన్ని వేస్తారు. రెండు సందర్భాల్లోనూ అక్కడి మనుషుల్ని మాత్రం ఎడిటింగ్‌లో తీసేస్తారు. నా గొడవంతా దాని గురించే.

ముందు అంకె సంగతి చూద్దాం. "ప్రపంచంలో అత్యంత వేడి ప్రదేశం లిబియాలోని ఎల్ అజీజియా, 58 డిగ్రీలు" అని ఇప్పటికీ వీడియోల్లో వస్తోంది. పాత జీకే పుస్తకాల్లోనూ అదే ఉంటుంది. ఆ రికార్డు తేదీ 1922 సెప్టెంబర్ 13. అప్పుడు లిబియా ఇటలీ చేతిలో ఉంది, అక్కడి వాతావరణ కేంద్రాన్ని నడిపింది ఇటలీ సైన్యం. సరిగ్గా తొంభై ఏళ్ల తర్వాత, 2012 సెప్టెంబర్ 13న, ప్రపంచ వాతావరణ సంస్థ ఆ రికార్డును కొట్టేసింది. ఎందుకు కొట్టేసిందో చదివినప్పుడు నాకు భలే సంబరమేసింది, ఎందుకంటే అది అచ్చంగా మన డీబగ్గింగ్ కథ.

అక్కడ వాడింది బెల్లానీ-సిక్స్ రకం థర్మామీటర్. అందులో పాదరసం ఒక చిన్న పుల్లలాంటి సూచికను పైకి నెడుతుంది. పాదరసం కిందికి దిగిపోయినా పుల్ల అక్కడే ఆగిపోతుంది. ఆ పుల్ల కింది చివర ఎక్కడుంటే అదే ఆ రోజు గరిష్ఠ ఉష్ణోగ్రత. పైచివర చూసి రాశారనుకోండి, పుల్ల పొడవు కూడా లెక్కలోకి వచ్చేస్తుంది. ఆ పొడవు దాదాపు ఏడు డిగ్రీలు! పరిశోధకులు అసలు రిజిస్టర్ తెప్పించి చూస్తే, ఆ రోజుల్లో చేతిరాత మారింది. అంటే కొత్త మనిషి డ్యూటీలోకి వచ్చాడు. పైగా అతను అంకెల్ని వేరే కాలమ్స్‌లో కూడా రాసేవాడు. దానికి తోడు పరికరం పెట్టిన చోట నేల ఎడారి మట్టి కాదు, తారులాంటి నల్లటి పదార్థం. చుట్టుపక్కల కేంద్రాల్లో ఆ రోజు అంత ఎండ లేదు. ఆ తర్వాతి సంవత్సరాల్లో అజీజియాలో కూడా మళ్లీ ఎప్పుడూ అంత రాలేదు.

అన్నింటికంటే నన్ను కదిలించింది ఆ రిజిస్టర్ బయటికొచ్చిన తీరు. దాన్ని వెతికి ఇచ్చింది లిబియా వాతావరణ కేంద్రంలో పనిచేసే ఖాలిద్ ఎల్ ఫాద్లీ. విచారణ మధ్యలో ఉండగా 2011లో లిబియాలో తిరుగుబాటు మొదలైంది. నెలల తరబడి ఆయన నుంచి కబురు లేదు. మిగతా దేశాల్లోని కమిటీ సభ్యులకి ఆయన బతికున్నాడో లేదో కూడా తెలియలేదు. తర్వాత ఎప్పుడో ఆయన మళ్లీ అందుబాటులోకి వచ్చాడు, పని పూర్తయింది. ఒకవైపు దేశం మంటల్లో ఉంది. ఇంకోవైపు ఒక మనిషి తొంభై ఏళ్లనాటి ఏడు డిగ్రీల తప్పు సరిచేయడానికి సాయం చేస్తున్నాడు. తన దేశానికున్న ప్రపంచ రికార్డును తన చేత్తోనే పోగొట్టడానికి. ఈ కథ మీద ఒక్క రీల్ ఎందుకు లేదో నాకు అర్థం కాదు.

ఇప్పుడు అధికారిక రికార్డు అమెరికాలోని డెత్ వ్యాలీది: 56.7 డిగ్రీలు, 1913 జూలై 10. దాని మీద కూడా కొందరు శాస్త్రవేత్తలకి అనుమానాలున్నాయి. వీడియోల్లో దాని పక్కనే ఇరాన్‌లోని లూత్ ఎడారిని పెట్టి "70.7 డిగ్రీలు!" అంటారు. ఇది చూస్తే ఫస్టియర్‌లో సీ ప్రోగ్రామింగ్ చెప్పిన సార్ గుర్తొస్తారు, రెండు వేర్వేరు డేటా టైపుల్ని పోల్చితే ఆయనకి వచ్చే కోపం గుర్తొస్తుంది. 56.7 అనేది నీడలో, నేలకి మనిషి ఛాతీ ఎత్తులో, గాలి ఉష్ణోగ్రత. 70.7 అనేది 2005లో ఉపగ్రహం పైనుంచి కొలిచిన నేల చర్మం వేడి. మే నెల మధ్యాహ్నం మన తారు రోడ్డు మీద చెప్పుల్లేకుండా నిలబడితే రెండింటికీ తేడా ఏ ఉపగ్రహం లేకుండానే తెలుస్తుంది. (లూత్‌లో ఒక నల్లరాతి మైదానం పేరు గందుమ్ బిర్యాన్. పారశీకంలో గందుమ్ అంటే గోధుమ, బిర్యాన్ అంటే వేయించినది. మన బిర్యానీకి దూరపు చుట్టమన్న మాట. ఎడారికి పేరు పెట్టినవాళ్లకి కూడా వంటిల్లే గుర్తొచ్చింది.)

అంకె సరిగ్గా ఉన్నా దానితో ఇంకో చిక్కుంది. అది మన ఒంటికి ఏమవుతుందో చెప్పదు. రామగుండం, కొత్తగూడెం, రెంటచింతల పేర్లు ఏటా వేసవిలో టీవీలో వినపడతాయి. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయి అనుకుంటూ మనం వాటినే చూస్తాం. మచిలీపట్నంలో 38 అంటే "పర్లేదే" అనుకుంటాం. కానీ కుండలో నీళ్లు చల్లబడేది ఎలా? చెమర్చి, ఆ చెమ్మ ఆవిరై. మన ఒళ్లు కూడా ఆ కుండే. గాలిలో ముందే తేమ నిండిపోయి ఉంటే చెమట కారుతుంది తప్ప ఆరదు. దాన్నే మనవాళ్లు ఉక్కపోత అని వేరే పేరుతో పిలిచారు, ఎండ అనలేదు. శాస్త్రంలో దీని కొలత కోసం థర్మామీటర్ బల్బుకి తడిగుడ్డ చుట్టి చూస్తారు. దాన్ని వెట్ బల్బ్ ఉష్ణోగ్రత అంటారు. సూత్రం పెట్టి ఒకసారి లెక్క వేసి చూశాను. 45 డిగ్రీల ఎండ, తేమ 10 శాతం అయితే వెట్ బల్బ్ 21 దగ్గర వస్తుంది. 38 డిగ్రీలు, తేమ 60 శాతం అయితే 31 దగ్గర! పొడి ఎండ మంచిదని కాదు, దాని చావు దానికుంది. కానీ "అత్యంత వేడి ప్రదేశం" అనే పోటీలో ఈ 38 ఎప్పటికీ గెలవదు, ఎవరి వీడియోలోకీ రాదు. వెట్ బల్బ్ 35 దాటితే నీడలో కూర్చుని నీళ్లు తాగుతున్నా కొన్ని గంటలకు మించి బతకడం కష్టమని చాలాకాలంగా ఒక అంచనా ఉంది. పాకిస్తాన్‌లోని జకోబాబాద్ ఆ గీతను కొద్దిసేపైనా దాటిందని 2020లో వచ్చిన ఒక పరిశోధన చెప్పింది. ఆ తర్వాత ఆరోగ్యంగా ఉన్న యువకుల మీద చేసిన ప్రయోగాల్లో, తేమ ఉన్న గాలిలో 31 దగ్గరే శరీరం అదుపు తప్పడం మొదలైంది. అంటే మన వయసువాళ్లకే.

2015 మే నెలలో రెండు తెలుగు రాష్ట్రాల్లో కలిపి వెయ్యి మందికి పైగా వడదెబ్బతో చనిపోయారు. అప్పుడు ఎక్కడా ప్రపంచ రికార్డేమీ బద్దలవలేదు. చనిపోయినవాళ్లలో ఎక్కువమంది ముసలివాళ్లు, ఎండలో పని మానుకోలేని కూలీలు. టాప్ 10లో మన పేరు లేనందువల్ల మనకి ఒరిగిందేమీ లేదు.

ఇక డల్లోల్. ఇథియోపియాలోని దనాకిల్ లోయలో, సముద్రమట్టానికి వంద మీటర్లకు పైగా కింద ఉంటుంది. పసుపు, ఆకుపచ్చ రంగుల ఆమ్లపు మడుగులు. నిజంగానే వేరే గ్రహంలా ఉంటుంది. 1960ల్లో అక్కడ కొలిచిన ఏడాది సగటు ఉష్ణోగ్రత 34.6 డిగ్రీలు. గరిష్ఠం కాదు, పగలూ రాత్రీ వేసవీ చలికాలమూ అన్నీ కలిపిన సగటు. హైదరాబాద్‌ది 27 దరిదాపుల్లో ఉంటుంది, పోల్చుకోండి. దీని మీద వచ్చే ప్రతి వీడియోకీ ఒకటే క్యాప్షన్: "మనిషి అడుగు పెట్టలేని నరకం". నాకు నవ్వొచ్చేది ఏంటంటే, అదే వీడియోలో ఆ క్యాప్షన్ వెనకాలే ఒంటెల బారు నడుస్తూ ఉంటుంది! ఒంటెల్ని ఎవరు తోలుతున్నారు మరి?

డల్లోల్ పక్కనే ఉన్న ఉప్పు సరస్సు మీద అఫార్ ప్రజలు, టిగ్రాయ్ పీఠభూమి నుంచి దిగివచ్చే కూలీలు తరతరాలుగా ఉప్పు తీస్తున్నారు. కొందరు కర్రలతో ఉప్పు పొరను ఎత్తి పలకలుగా విరుస్తారు, ఇంకొందరు చిన్న గొడ్డలిలాంటి పనిముట్టుతో వాటిని ఒకే కొలతకి చెక్కుతారు. తర్వాత ఒంటెల మీద, గాడిదల మీద కట్టి రోజుల తరబడి నడిచి ఎత్తు ప్రాంతాల సంతలకి చేరుస్తారు. ఆ ఉప్పు దిమ్మలకి అమోలే అని పేరు. ఇరవయ్యో శతాబ్దంలోకి వచ్చాక కూడా ఇథియోపియాలో వాటిని డబ్బులా వాడారు. అంటే ఒకప్పుడు ఆ దేశపు టంకశాల ఈ "అడుగు పెట్టలేని నరకం"లోనే ఉందన్న మాట. ఇంకో మాట. ముప్పై రెండు లక్షల ఏళ్లనాటి లూసీ ఎముకలు 1974లో దొరికింది కూడా ఈ అఫార్ ప్రాంతంలోనే. మనిషి బతకలేని చోటు అంటూ మనం మనిషి పుట్టిల్లునే చూపిస్తున్నాం.

డెత్ వ్యాలీ సంగతీ అంతే. 1849లో బంగారం కోసం కాలిఫోర్నియా వెళ్తూ దారి తప్పినవాళ్లు పెట్టిన పేరది. అప్పటికే టింబిషా షొషోనీ అనే తెగ అక్కడ ఎన్నో తరాలుగా బతుకుతోంది. తమ ఇంటికి చావు లోయ అని పేరు పెట్టడం వాళ్లకి ఏమాత్రం నచ్చలేదు. వాళ్ల భూమిలో కొంతైనా చట్టప్రకారం వాళ్లకి తిరిగి వచ్చేసరికి 2000 సంవత్సరం అయింది.

సరే, దెయ్యాల దగ్గరికి వద్దాం. ముందే చెబుతున్నాను, నాకు దెయ్యం కథలంటే ప్రాణం. మా నానమ్మ కరెంటు పోయినప్పుడు చెప్పేది. కానీ ఆమె చెప్పే కథల్లో దెయ్యానికి ఇంటిపేరు ఉండేది! ఫలానా వాళ్ల కోడలు, ఫలానా బావిలో, అత్త పెట్టిన బాధలు పడలేక. కథ అయ్యేసరికి మాకు దెయ్యం మీద భయం తగ్గి, అత్త మీద కోపం వచ్చేది. ఊళ్లో పోలీస్ స్టేషన్‌కి వెళ్లని కేసులన్నీ దెయ్యం కథల్లో నమోదయ్యాయేమో అనిపిస్తుంది ఇప్పుడు ఆలోచిస్తే. రీల్స్‌లోని దెయ్యానికి మాత్రం పేరుండదు, ఊరుండదు, ఫిర్యాదుండదు. తెల్ల చీర, బ్యాక్‌గ్రౌండ్ మ్యూజిక్, అంతే.

భాన్‌గఢ్ గురించి అందరికీ తెలుసు కాబట్టి త్వరగా ముగిస్తాను. "ప్రభుత్వమే బోర్డు పెట్టింది, సూర్యాస్తమయం తర్వాత లోపలికి వెళ్లకూడదని" అనేది పెద్ద సాక్ష్యం. మన పురావస్తు శాఖ నిబంధనలు 1959 నాటివి. ప్రత్యేకంగా వేరే సమయాలు చెప్పని ప్రతి రక్షిత కట్టడమూ సూర్యోదయం నుంచి సూర్యాస్తమయం వరకే తెరిచి ఉంటుందని అందులో రాసి ఉంది. పైగా ఆ కోట సరిస్కా పులుల అడవి అంచున ఉంది. చీకట్లో అక్కడ నిజంగా భయపడాల్సినదానికి నాలుగు కాళ్లుంటాయి.

నేను ఎక్కువగా చెప్పాలనుకున్నది ధనుష్కోడి గురించి, ఎందుకంటే అది "భారతదేశపు దెయ్యాల పట్నం" అనే పేరుతో ప్రతి లిస్టులోనూ ఉంటుంది. రామేశ్వరం ద్వీపం కొస. 1914లో పాంబన్ వంతెన తెరిచాక రైలు ధనుష్కోడి దాకా వెళ్లేది, అక్కడి నుంచి ఓడలో సిలోన్‌కి చేరేవారు. స్టేషన్, పోస్టాఫీసు, కస్టమ్స్ ఆఫీసు, చర్చి, బడి, అన్నీ ఉన్న ఊరు. 1964 డిసెంబర్ 22 రాత్రి తుఫాను వచ్చింది. పాంబన్ నుంచి బయలుదేరిన ప్యాసింజర్ రైలు ధనుష్కోడి దగ్గరికి వచ్చేసరికి సిగ్నల్ లేదు. కాసేపు చూసి, కూత వేసి డ్రైవర్ ముందుకి పోనిచ్చాడు. అల వచ్చి రైలు మొత్తాన్ని మింగేసింది. రైల్లో వంద మందికి పైగా ఉన్నారు, ఒక్కరూ మిగల్లేదు. ఊరు ఊరంతా పోయింది. తర్వాత ప్రభుత్వం ఆ చోటు నివాసానికి పనికిరాదని ప్రకటించింది.

దీనికి ఇంజినీరింగ్ స్టూడెంట్స్‌గా మనం గర్వంగా చెప్పుకునే భాగం ఒకటుంది. ఆ తుఫానులో దెబ్బతిన్న పాంబన్ వంతెనను 46 రోజుల్లో నిలబెట్టారు. ఆ పని నడిపిన యువ ఇంజినీర్ ఇ. శ్రీధరన్, తర్వాత మెట్రో మనిషిగా పేరు తెచ్చుకున్నాయన. నేను కూడా ఆ కథ విని పొంగిపోయినవాడినే. కానీ అదే కథని ఊరి వైపు నుంచి చదవండి. వంతెనకి 46 రోజులు. పాంబన్ నుంచి ధనుష్కోడి దాకా ఉన్న పట్టాలు మాత్రం మళ్లీ పడలేదు. ఊరు మళ్లీ లేవలేదు. రామేశ్వరం యాత్రికులకి వంతెన కావాలి, ధనుష్కోడి జాలర్లకి ఊరు కావాలి. ఏది కట్టారో చూస్తున్నాం కదా. సముద్రం మధ్య ఆ ఇసుక తిన్నె మీద మళ్లీ పట్నం కట్టకపోవడం ఇంజినీరింగ్ లెక్కలో సరైన నిర్ణయమే కావొచ్చు, నేను దాన్ని తప్పు పట్టడం లేదు. నేను తప్పు పట్టేది, అదొక నిర్ణయం అనే సంగతినే దెయ్యం అనే మాట తుడిచేయడాన్ని.

మన దివిసీమతో పోల్చి చూడండి. 1977 నవంబర్ 19 ఉప్పెనలో వేల మంది పోయారు, ధనుష్కోడి కంటే చాలా ఎక్కువ. ఊళ్లకి ఊళ్లే శవాల దిబ్బలయ్యాయి. ఎవరైనా దివిసీమని "హాంటెడ్" అంటారా? అనరు. అంటే అవనిగడ్డలోనో నాగాయలంకలోనో ఎవరో ఒకరు పట్టుకుని చెంప పగలగొడతారు. అక్కడ మనుషులు తిరిగొచ్చారు, వరి వేశారు, పిల్లల్ని కన్నారు, ఏటా ఆ రోజు గుర్తు చేసుకుంటారు. చావుల సంఖ్యకీ దెయ్యాలకీ సంబంధమే లేదు. తిట్టడానికి ఎవరూ మిగలని చోటే దెయ్యం కాపురం పెడుతుంది.

"హాంటెడ్"కి తెలుగులో ఒక్క మాట ఏముంటుందా అని వెతికితే సరైనది దొరకలేదు గానీ, ఇంకోటి దొరికింది. మన రెవెన్యూ రికార్డుల్లో జనం లేని ఊళ్లని బేచిరాక్ గ్రామం అంటారు. పారశీకపు మాట: చిరాగ్ అంటే దీపం, బే అంటే లేని. దీపం లేని ఊరు. భూములుంటాయి, సర్వే నంబర్లుంటాయి, మనుషులు మాత్రం ఉండరు. ప్రభుత్వ కాగితం మీద ఇంత మంచి మాట ఎలా బతికిందో! దీపం లేదు అనగానే, ఎవరు ఆర్పారు, ఎప్పుడు వెళ్లిపోయారు అనే ప్రశ్న దానంతటదే వస్తుంది. దెయ్యం ఉంది అంటే ప్రశ్న అక్కడితో ఆగిపోతుంది.

వేడీ దెయ్యమూ రెండూ కలిసిన చోటొకటి ఉంది, అమెరికాలో పెన్సిల్వేనియా రాష్ట్రంలోని సెంట్రేలియా. 1962లో ఊరి చెత్తకుప్పకి పెట్టిన మంట కింద ఉన్న బొగ్గు పొరకి అంటుకుంది. ఇప్పటికీ ఆరలేదు. 1981లో పన్నెండేళ్ల పిల్లాడి కాళ్ల కింద నేల కుంగి, పొగ గుంటలో పడి, చెట్టు వేరు పట్టుకుని బతికాడు. అప్పుడు గానీ దేశం కళ్లు తెరవలేదు. వెయ్యి మంది ఉన్న ఊరిని ఖాళీ చేయించడానికి అక్కడి పార్లమెంటు నాలుగు కోట్ల ఇరవై లక్షల డాలర్లు ఇచ్చింది. 2006 నాటి 'సైలెంట్ హిల్' సినిమా కథ రాసేటప్పుడు ఈ ఊరినే మనసులో పెట్టుకున్నారు. ఇప్పుడు అది పెద్ద "క్రీపీ" టూరిస్టు స్పాట్.

మన ఝరియాలో ఈ మంట 1916 నుంచి ఉంది. సెంట్రేలియా కంటే నలభై ఆరేళ్లు ముందు. జార్ఖండ్‌లో, ధన్‌బాద్ పక్కన. అక్కడ కూడా గోడలు బీటలిస్తాయి, నేల సందుల్లోంచి పొగ వస్తుంది. 2017లో ఒక తండ్రీ, కొడుకూ కాళ్ల కింద నేల కుంగి లోపలికి పోయారు. వాళ్లకి పట్టుకోవడానికి వేరు దొరకలేదు. జనాన్ని తరలించే ప్రణాళిక 2009లో ఆమోదం పొందింది, ఆ తర్వాత ఏళ్లు గడిచినా వేల కుటుంబాలు ఆ మంట మీదే ఉండిపోయాయి. కొత్త కాలనీకి వెళ్తే పని దొరకదు, ఇక్కడుంటే బొగ్గు ఏరుకునైనా బతకొచ్చు అనేది వాళ్ల లెక్క.

ఇదంతా మా రూమ్‌మేట్‌కి చెబితే "నువ్వు ప్రతిదానికీ సీరియస్ అయిపోతావురా, అది ఎంటర్‌టైన్‌మెంట్. పైగా టూరిస్టులు వస్తే అక్కడివాళ్లకి నాలుగు డబ్బులు వస్తాయి కదా" అన్నాడు. రెండో మాట నిజమే. ధనుష్కోడికి 2017లో రోడ్డు వేశాక జనం బాగా పెరిగారు. "దెయ్యాల పట్నం" చూడ్డానికి వచ్చినవాళ్లకి గవ్వల దండలు, వేయించిన చేపలు అమ్మేది అక్కడే గుడిసెల్లో ఉండే జాలరి కుటుంబాలు. పాడుబడ్డ చర్చి గోడని ఫోటో తీసేటప్పుడు ఫ్రేములోకి వస్తున్నారని పక్కకి జరగమనేది కూడా వాళ్లనే. చుట్టూ ఉప్పు నీరే కాబట్టి, తాగే నీళ్ల కోసం ఆ ఆడవాళ్లు ఇసుకలో చేతులతో గుంట తవ్వి, మంచినీరు ఊరేదాకా పక్కన కూర్చుంటారు.